పీడన రహస్యము నెరిగిన బ్రిడ్జిమన్

గాజు మనకు చిరపరిచితమైన వస్తువు. కిటికీ పలకలు, లాంతరు చిమ్నీలు, కంటి అద్దములు, స్త్రీలు ధరించు గాజులు మొదలగునవి దానితో చేయబడినవే. అది గట్టిదే గాని పెళుసు. క్రింద పడినచో ముక్కలగును, వంచబోయినచో విరుగును. అట్టి గాజును ఒత్తి, మునుపటికంటె దట్టముగా చేయవచ్చునని యెవరైన చెప్పినచో వినువారు నమ్మరు. అయినను అది నిజము. తగిన రీతిని మిక్కిలి యెక్కువగా ఒత్తినపుడు గాజు తన లోపలి కూర్పునే మార్చుకొనును. ఒత్తిడి తొలగిన పిమ్మటగూడ ఆ మార్పులో కొంత దానియందు నిలిచిపోవును. ఇట్టి వింతలను లోకమునకు తేటపరచినవారిలో అగ్రగణ్యుడు పెర్సీ విలియమ్స్ బ్రిడ్జిమన్ అను అమెరికా దేశపు భౌతిక శాస్త్రజ్ఞుడు. సుమారు ఏబది సంవత్సరములపాటు అతడు ఒకే ప్రశ్నను వెంటాడెను. పదార్థమును ఒత్తినపుడు దాని లోపల నేమి జరుగును? ఒత్తిడి తీసిన తరువాత దానియందేమి మిగులును? ఇదియే ఆ ప్రశ్న.

బ్రిడ్జిమన్ 1882 వ సంవత్సరము ఏప్రిల్ 21 వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మసాచుసెట్సు రాష్ట్రమున, కేంబ్రిడ్జి పట్టణమున జన్మించెను. తండ్రి రేమండ్ బ్రిడ్జిమన్ పత్రికా విలేఖరి. అతడు రాజకీయ వార్తలను వ్రాయుటయేగాక గ్రంథములను గూడ రచించెను. తల్లి పేరు మేరీ. వారికి పెర్సీ ఒక్కడే సంతానము. బాలుడు సమీపముననే యున్న న్యూటన్ పట్టణపు పాఠశాలలలో చదివి, 1900 లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. 1904 లో అత్యున్నత శ్రేణిలో పట్టము పొందెను. 1908 లో డాక్టరు బిరుదము గ్రహించెను. ఆ తరువాత ఉద్యోగముకొరకు అతడు వేరొకచోటికి పోలేదు. విద్యార్థిగా అడుగిడిన ఆ విశ్వవిద్యాలయమందే ఉపాధ్యాయుడై, 1919 లో ఆచార్యుడై, 1954 లో పదవీ విరమణ చేయువరకు అచటనే పని చేసెను. 1912 లో ఆలివ్ వేర్ అను ఆమెను వివాహమాడెను. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు కలిగిరి.

అతడు పరిశోధన నారంభించిన 1905 నాటికి పీడన శాస్త్రము ఎట్టి స్థితిలో నుండెనో తెలిసికొనుట యవసరము. ఒక వస్తువుపై పడు బలము ఎంత వైశాల్యముపై వ్యాపించునో చూచి, ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై ఎంత పడునో లెక్కించినచో అది పీడనమగును. మన చుట్టునున్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరుపైనను దాదాపు ఒక కిలోగ్రాము బరువుతో ఒత్తుచున్నది. దీనినే ఒక వాతావరణ పీడన మందురు. మహాసముద్రములలో అన్నింటికంటె లోతైన తావున నీటి పీడనము ఇంచుమించు 1,100 వాతావరణములు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడగు అమగా పందొమ్మిదవ శతాబ్దమున ప్రయోగశాలలో దాదాపు 3,000 వాతావరణముల వరకు పోగలిగెను. అంతకు మించి పోవుట దుష్కరమయ్యెను. ఎంత గట్టి పాత్రను చేసినను, ముషలకమునకును పాత్రగోడకును నడుమ నుండి ద్రవము కారిపోవుచుండెను. ఒత్తిడి పెరిగినకొలది కారుటయు పెరిగెడిది. పాత్ర పగులుటకు ముందే ఆ సందు పరిశోధకుని ఓడించుచుండెను.

బ్రిడ్జిమన్ మొదట ఈ చిక్కును విడదీయవలెనని పూనుకొనలేదు. పీడనమునకు లోనైన ద్రవముల గుణములను చూడవలెననియే అతని కోరిక. ఇంతలో ఒక ప్రేలుడు వలన అతని పరికరములో ముఖ్యమగు భాగము చెడిపోయెను. దానికి బదులు మరియొకటి ఐరోపానుండి రావలసియుండెను. అది వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుట అతని స్వభావము కాదు. ఆ విరామ కాలమున పాత్రను త్వరగా మూయుటకును తెరచుటకును అనువగు ఒక మూతను కల్పించి చూచెను. కేవలము సౌకర్యముకొరకు చేసిన యా మూత తాననుకొనని మేలు చేసినట్లు అతడు గ్రహించెను. దానినుండి ద్రవము కారుట లేదు. పీడన మెంత పెంచినను అది మరింత బిగుసుకొనుచుండెనే గాని సడలుట లేదు.

ఆ మూతలోని కిటుకు మిక్కిలి సరళమైనది. పుట్టగొడుగు ఆకారము గల ఉక్కు ముక్క నొకదానిని ఊహింపుడు. దాని గొడుగువంటి తల ద్రవమువైపు ఉండును. కాడ, ఉంగరమువలె గుండ్రముగా నున్న మెత్తని రబ్బరు బిళ్లలో దూరి యుండును. ద్రవము గొడుగు మొత్తముపైన ఒత్తును. కాని ఆ బలమును భరించునది రబ్బరు ఉంగరము మాత్రమే. కాడ కొన క్రింద ఏ యాధారమును లేదు. బలము మొత్తము తక్కువ వైశాల్యముపై పడుటచే, రబ్బరులోని పీడనము ఎల్లప్పుడును ద్రవములోని పీడనముకంటె కొంత హెచ్చుగా నుండును. తక్కువ పీడనమునుండి ఎక్కువ పీడనమువైపునకు ద్రవము దారి చేసికొనజాలదు గదా! కావున పీడనము పెరిగినకొలది మూతయు బిగియును. శత్రువు బలమునే తనకు బలముగా మార్చుకొను ఈ యుపాయముతో, అంతకు మునుపు దాటరానిదిగా నుండిన గట్టు తెగిపోయెను.

ఇక కారుట లేదు గనుక, ఉక్కు ఎంత తాళునో అంతవరకు పోవచ్చును. ఆరంభ దినములలోనే అతడు ప్రతి చదరపు సెంటీమీటరునకు 12,000 కిలోగ్రాముల పీడనమును సాధారణముగా వాడసాగెను. నాలుగేసి వేల కిలోగ్రాముల బరువుగల మూడు ఏనుగులు ఒక్క బొటనవ్రేలి గోరంత చోటుపై నిలిచినచో ఎంత ఒత్తిడి కలుగునో అంతటి దది. తరువాత శ్రేష్ఠమగు ఉక్కులను, టంగ్‌స్టన్ కార్బైడు అను మిక్కిలి కఠినమగు పదార్థమును ఉపయోగించెను. లోపలి పాత్ర పగులకుండ దానిని బయటినుండి మరియొక పీడనముతో ఆదుకొనునట్లు ఏర్పాటు చేసెను. ఇట్లు మెట్టు మెట్టుగా ఎక్కి, లక్ష కిలోగ్రాముల పీడనమును గూడ అందుకొనెను. ఈ పని ప్రాణాపాయము లేనిది కాదు. పాత్ర పగిలినచో ఉక్కు తునకలు తుపాకి గుండ్లవలె ఎగురును. అయినను బ్రిడ్జిమన్ ప్రయోగములను ఇతరుల కప్పగింపక, తరచుగా స్వహస్తములతోనే చేయుచుండెను. యంత్రముల పనిలో అతడు నిపుణుడు. తన పరికరములలో పెక్కింటిని తానే రూపొందించుకొనెను.

ఈ నూతన సాధనముతో అతడు చూచిన మొదటి వింతలలో మంచుగడ్డ యొకటి. మనమెరిగిన మంచుగడ్డ నీటికంటె తేలిక. అందువలననే నీటిపై తేలును. కాని మంచుగడ్డకు ఒకే రూపము గలదనుకొనుట పొరపాటు. జర్మనీ శాస్త్రజ్ఞుడగు టమ్మన్ పీడనముతో మంచుగడ్డకు రెండు క్రొత్త రూపములను అంతకు ముందే కనుగొనియుండెను. బ్రిడ్జిమన్ 1912 లో మరికొన్నింటిని, 1937 లో ఏడవ రూపమును కనుగొనెను. ఇవి నీటికంటె బరువైనవి. సుమారు 10,000 వాతావరణముల పీడనమున నీరు మన గదిలోని వెచ్చదనమునందే గడ్డకట్టును. ఏడవ రూపము మరింత విచిత్రమైనది. తగిన పీడనముండినచో నీరు మరుగునంతటి వేడిమిలోగూడ అది కరుగక నిలుచును. అణువులు అవియే, వాటి అమరిక మాత్రము వేరు. అమరిక మారినచో వస్తువు గుణమే మారుననుటకు ఇంతకంటె మంచి నిదర్శన మేమి కావలెను?

అయితే పీడనము తొలగింపగానే ఆ మంచుగడ్డ, గదిలోని వెచ్చదనమునందు, మరల నీరగును. దానిపై ఒత్తిడి వ్రాసిన వ్రాత చెరిగిపోవును. అన్ని వస్తువులు ఇట్లు చేయవు. 1914 లో అతడు కోడిగ్రుడ్డులోని తెల్లసొనను ఒత్తి చూచెను. నిప్పుగాని వేడిగాని తగులకయే, దాదాపు 7,000 వాతావరణముల పీడనమున అది ఉడికిన గ్రుడ్డువలె గట్టిపడెను. ఒత్తిడి తీసిన తరువాతగూడ పూర్వరూపమును పొందలేదు. ఆ సంవత్సరమే అతడు తెల్ల భాస్వరమును 200 డిగ్రీల వేడిమిలో 12,000 వాతావరణములకు ఒత్తగా, అది నల్లని క్రొత్త పదార్థముగా మారెను. తెల్ల భాస్వరము గాలి తగిలినంతనే మండునది. దానిని నీటిలో దాచవలెను. ఈ నల్ల భాస్వరమో, సులభముగా అంటుకొనదు. విద్యుత్తును గూడ ప్రసరింపజేయును. పాత్రనుండి తీసినను అది నల్లగానే నిలిచెను. సరిగా నూరేండ్లకు, 2014 లో, శాస్త్రజ్ఞులు దాని పలుచని పొరలతో సూక్ష్మ విద్యుత్ పరికరములను నిర్మించి చూపిరి. ఇట్లు కొన్ని వస్తువులు ఒత్తిడిని మరచును, కొన్ని మరువవు. ఈ భేదమునకు హేతువు ఆయా వస్తువుల లోపలి నిర్మాణముననే వెదకవలెను.

బ్రిడ్జిమన్ నిరాడంబరుడు. సభలు, సంఘములు, అధికారములు అతని కిష్టములు కావు. ప్రయోగశాలలో గడపు కాలము తగ్గునను భీతితో అట్టి పనులను తప్పించుకొనుచుండెను. వేసవిలో న్యూహాంప్‌షైరు రాష్ట్రమందలి రాండాల్ఫ్ గ్రామమున తన యింట నివసించి, తోటపని చేయుచు, కొండలెక్కుచు, గ్రంథరచన సాగించెడివాడు. కరిగిన లోహమును నెమ్మదిగా చల్లార్చి, ఒకే స్ఫటికముగా పెంచు పద్ధతి నొకదానిని అతడు 1925 లో ప్రకటించెను. నేటికిని అది అతని పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. 1927 లో ఆధునిక భౌతిక శాస్త్రమందలి తర్కమును గూర్చి ఒక గ్రంథమును వెలువరించెను. ఒక శాస్త్రపదమునకు అర్థము కావలెనన్న, దానిని ఏ పనులచేత కొలుతుమో చెప్పగలుగవలెనని అతని సిద్ధాంతము. చేతితో చేసి చూచినదానినే నమ్ము శాస్త్రజ్ఞునికి అట్టి తత్త్వము తోచుట సహజమే. రాబర్టు ఓపెన్‌హైమరు విద్యార్థిదశలో ఇతని యొద్ద చదివెను. భూగర్భ స్థితిని వివరించి ప్రసిద్ధికెక్కిన ఫ్రాన్సిస్ బర్చ్ సైతము ఇతని శిష్యుడే.

వస్తువుల మీదనే గాక మనుష్యుల మీదను కాలము ఒత్తిడి తెచ్చును. 1933 లో జర్మనీలో నాజీల పాలన మొదలయ్యెను. పెక్కుమంది శాస్త్రజ్ఞులు ఉద్యోగములనుండి, దేశమునుండి వెడలగొట్టబడిరి. నిరంకుశ ప్రభుత్వములు విజ్ఞానమును తమ యాయుధముగా చేసికొనుచుండెను. బ్రిడ్జిమన్ చిరకాలము ఆలోచించెను. శాస్త్రమునకు సరిహద్దులు లేవు. జ్ఞానమును దాచుట శాస్త్రధర్మము కాదు. అయినను తాను చూపిన విద్య రేపు స్వేచ్ఛను చంపుటకు ఉపయోగపడినచో ఆ దోషములో తనకు పాలు లేదా? 1939 ఫిబ్రవరిలో అతడు ఒక ప్రకటనను ప్రచురించెను. నిరంకుశ రాజ్యముల పౌరులకు తన పరికరములను చూపననియు, తన ప్రయోగములను గూర్చి వారితో ముచ్చటింపననియు దాని సారాంశము. కొందరు దానిని మెచ్చుకొనిరి. కొందరు శాస్త్రలోకపు ఐక్యమునకు అది భంగకరమని ఆక్షేపించిరి. అతడది తన స్వంత నిర్ణయమని చెప్పి, దాని భారమును తానే మోసెను. ఎవరి పక్షమున న్యాయము హెచ్చుగా కలదో పాఠకులు ఆలోచింపవచ్చును.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఉక్కు, యురేనియము, ప్లుటోనియము మున్నగు లోహములు పీడనమున ఎట్లు ప్రవర్తించునో అతడు తన దేశము కొరకు శోధించెను. 1946 లో అతనికి భౌతిక శాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. మహాపీడనములను కలిగించు సాధనమును నిర్మించినందులకును, దానితో చేసిన పరిశోధనలకును ఆ గౌరవము దక్కెను. అణ్వస్త్రముల వలన మానవజాతికి కలుగనున్న ముప్పును హెచ్చరించుచు రసెల్, ఐన్‌స్టయిన్ మున్నగు పదునొకండుగురు 1955 లో ప్రకటించిన పత్రముపై చేవ్రాలు చేసినవారిలో ఇతడును ఒకడు.

కీర్తి వచ్చినంతమాత్రమున అన్ని ప్రయత్నములు ఫలింపవు. బొగ్గును వజ్రముగా మార్చవలెనను ఆశ శాస్త్రజ్ఞులకు చిరకాలముగా కలదు. రెండును కర్బనమే, కూర్పుమాత్రము వేరు. 1941 లో కొన్ని పారిశ్రామిక సంస్థలతో ఏర్పడిన ఒడంబడిక ప్రకారము, వెయ్యి టన్నుల బలముగల యంత్రముతో బ్రిడ్జిమన్ వజ్రముకొరకు యత్నించెను. అతని పీడనములు చాలినంతవే యైనను, అంతటి పీడనముతో బాటు అంతటి వేడిమిని తగినంత సేపు నిలుపుటకు వీలు చిక్కలేదు. వజ్రము పుట్టలేదు. 1954 డిసెంబరులో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పని చేయుచుండిన ట్రేసీ హాల్ మున్నగువారు ఆ కార్యమును సాధించి, 1955 లో లోకమునకు వెల్లడించిరి. ముందు నడచినవాడు గమ్యమును చేరకపోయినను, అతడు వేసిన బాటయే వెనుకవారిని గమ్యమునకు చేర్చెను.

ఇక గాజు విషయము. ఉప్పు, పటికబెల్లము, లోహములు స్ఫటిక పదార్థములు. వాటిలో పరమాణువులు వరుస తప్పక, కవాతు చేయు సైనికులవలె నిలిచియుండును. గాజులో అట్టి దూరపు వరుస లేదు. స్వచ్ఛమగు సిలికా గాజును చూడుడు. ప్రతి సిలికాన్ పరమాణువు చుట్టును నాలుగు ఆక్సిజన్ పరమాణువులు నాలుగు మూలలందు చేరి యొక చిన్న బురుజువంటి ఆకారము నేర్పరచును. ఇట్టి ఆకారములు మూలలయందు ఒకదానితో నొకటి కలిసి, గొలుసులుగా, వలయములుగా అల్లుకొనును. కాని వలయములు ఒకే పరిమాణము గలవి కావు. ఒక క్రమమునను లేవు. నడుమ నడుమ శూన్య ప్రదేశములు పెక్కులు మిగులును. అందువలన సిలికా గాజు సాంద్రత 2.20, అదే పదార్థపు స్ఫటికమగు క్వార్ట్జ్ సాంద్రత 2.65. గాజు లోపల బోలుతన మెంత గలదో ఈ యంకెలే చెప్పును.

సాధారణముగా ఏ వస్తువునైన ఒత్తినకొలది అది గట్టిపడి, మరింత ఒత్తుట కష్టమగును. సిలికా గాజు ఇందుకు విరుద్ధముగా నడచుననియు, కొంత హద్దువరకు ఒత్తినకొలది మరింత సులభముగా నొదుగుననియు బ్రిడ్జిమన్ కొలిచి చూపెను. లోపలనున్న శూన్య ప్రదేశముల మూలమున ఆ యల్లిక వంగుటకు చోటు కలుగుచున్నది. తరువాత 1953 లో, ఏబది సంవత్సరముల పరిశోధన పూర్తికావచ్చుచుండగా, డెబ్బది యొక్క యేండ్ల వయసున అతడు ఐవాన్ సైమన్‌తో కలిసి గాజుపై మహాపీడనముల ఫలితమును ప్రకటించెను. వారు పలుచని గాజు బిళ్లలను రెండు కఠినమగు దిమ్మెల నడుమ నుంచి నొక్కిరి. చదరపు సెంటీమీటరునకు దాదాపు లక్ష కిలోగ్రాముల వరకు ఒత్తి విడిచిన సిలికా గాజు మునుపటివలెనే యుండెను. ఆ హద్దు దాటినంతనే కథ మారెను. ఒత్తిడి తీసినను గాజు పూర్వపు పరిమాణమునకు రాలేదు. శాశ్వతముగా దట్టమై నిలిచెను. అయినను అది స్ఫటికము కాలేదు, గాజుగానే యుండెను.

దీనికి కారణ మేమి? ఒత్తిడి తక్కువగా నున్నపుడు ఆకారముల నడుమ కోణములు మాత్రము వంగును. ఒత్తిడి తొలగినంతనే అవి స్ప్రింగులవలె యథాస్థానమునకు వచ్చును. హద్దు దాటినపుడు కొన్ని బంధములు తెగి, క్రొత్త పొరుగువారితో ముడిపడును. పెద్ద వలయములు చిన్న వలయములగును; శూన్య ప్రదేశములు పూడును. క్రొత్తగా పడిన ముడులు వాటంతట అవి విడివడవు. సిలికా గాజు ఈ విధముగా సుమారు నూటికి 20 వంతుల వరకు శాశ్వతముగా దట్టపడగలదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. సోడా, సున్నము చేరిన కిటికీ గాజులో శూన్య ప్రదేశములను ఆ పరమాణువులే చాలవరకు ఆక్రమించుకొని యుండును. కావున అది నూటికి 6 వంతుల వరకు మాత్రమే దట్టపడును. దట్టపడిన సిలికా గాజును తగినంత వేడి చేసినచో, అది ఆ ముడులను సడలించుకొని తిరిగి పూర్వపు సాంద్రతకు వచ్చును. ఒత్తిడి వ్రాసినదానిని వేడిమి చెరుపుచున్నది.

బ్రిడ్జిమన్ 1954 లో పదవినుండి విరమించెను. తుదికాలమున క్యాన్సరు వ్యాధి అతనిని పీడించెను. శరీరము సడలుచున్నను అతడు తన పరిశోధన పత్రముల సంపుటములకు విషయసూచికను సిద్ధపరచెను. 1961 ఆగస్టు 20 వ తేదీన, తాను ప్రేమించిన రాండాల్ఫ్‌లోనే కన్నుమూసెను. అతని ప్రయోగ పత్రములను 1964 లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు ఏడు సంపుటములుగా ప్రకటించిరి.

అతని పని అతనితో ముగియలేదు. 1959 లో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు రెండు చిన్న వజ్రముల మొనల నడుమ వస్తువును నొక్కు సాధనమును ప్రకటించిరి. రెండు దిమ్మెల నడుమ నొక్కు బ్రిడ్జిమన్ పద్ధతికి అది వారసురాలు. వజ్రము పారదర్శకము గనుక ఒత్తిడిలో నున్న వస్తువును కాంతితోను, ఎక్స్ కిరణములతోను చూడవచ్చును. ఇట్టి సాధనముతో భూమి కేంద్రమందలి పీడనమును, అనగా సుమారు 36 లక్షల వాతావరణములను గూడ మనుష్యుడు మించగలిగెను. సిలికా గాజును 2 లక్షల వాతావరణములకు మించి ఒత్తినపుడు, సిలికాన్ చుట్టు నాలుగుగా నుండిన ఆక్సిజన్ పరమాణువులు క్రమముగా ఐదు, ఆరు అగునని ఈ పద్ధతివలన తెలిసెను. ఒత్తిడి తీసినచో అవి మరల నాలుగగును. దట్టదనము మాత్రము నిలుచును.

నేటి శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్ననే మిక్కిలి చిన్న గాజు రేణువులను గూర్చి అడుగుచున్నారు. వీటిని నానో కణములందురు. ఒక మిల్లీమీటరును 10 లక్షల భాగములు చేసిన ఒక భాగము నానోమీటరు. 5 నానోమీటర్ల వ్యాసముగల గోళమును తలపోయుడు. దాని వెలుపలి అర నానోమీటరు పొరలోనే, లెక్క వేసి చూచినచో, దాని పదార్థములో దాదాపు సగము చేరియున్నది. పెద్ద గాజు ముక్కలో ఉపరితలపు పరమాణువులు లెక్కకు రానంత స్వల్పము. ఇచటనో, అవియే సగము. ఉపరితలమున నున్న పరమాణువునకు ఒక వైపున పొరుగువారు లేరు. అందువలన దాని బంధములు లోపలివానివలె కుదురుకొని యుండవు. ఇట్టి కణమును ఒత్తినపుడు పై పొర యొక రీతిని, నడిమి భాగము మరియొక రీతిని మారవచ్చును. ఒక్కొక్క పరమాణువు కదలికను కంప్యూటరుతో గణించి, ఈ మార్పులను శోధించుచున్నారు. గాజు ఎచట పగులును, ఎచట పగులక ఒదుగునన్న జ్ఞానము దృఢమైన గాజును చేయుటకు తోడ్పడును.

ఇంతటి విశాలమగు శాస్త్రమునకు తలుపు తెరచినది ఒక చిన్న రబ్బరు ఉంగరము. పరికరము చెడినపుడు విసుగుకొనక, దొరికిన కాలమును వ్యర్థపరచక, కంటబడిన చిన్న విశేషమును నిర్లక్ష్యము చేయని యువకుడు దానిని కనుగొనెను. వజ్రము చిక్కనందులకు క్రుంగక, వృద్ధాప్యమునందును గాజు బిళ్లను నొక్కి, దానియందేమి మిగిలెనో ఓపికతో కొలిచి చూచెను. ఒత్తిడి తగిలినపుడు ఏ వస్తువు విరుగునో, ఏది మారునో, ఏది దృఢపడునో దాని లోపలి కూర్పే నిర్ణయించునని బ్రిడ్జిమన్ పరిశోధనలు తెలుపుచున్నవి. అతని జీవితమును అదియే తెలుపుచున్నది.